మూడు డిగ్రీలకీ సరిపోయేలా

రండి, ఆ కుర్చీ ఇటు లాక్కుని నా పక్కన కూర్చోండి. ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఇవాళ నా గొంతు కాస్త గట్టిగా పలుకుతుంది, ఏమీ అనుకోకండి. కోపం మీ మీద కాదు. ఎవరి మీదో, ఎందుకో మొదటి నుంచీ చెబుతాను. అంతా విన్నాక మీకూ కోపం రాకపోతే అప్పుడు నన్ను అడగండి.

మేముండేది జార్జియాలో, కమ్మింగ్‌లో. కూతురి దగ్గరకు నేను వచ్చేనాటికి మనవరాలు ఇంకా పాలు తాగే పిల్ల. దాన్ని చూసుకోడానికే వచ్చాను, చూసుకుంటూ ఉండిపోయాను. మా తెలుగు సంఘం ప్రతి ఆదివారం మధ్యాహ్నం కూడుతుంది. ఒక అమెరికన్ చర్చివాళ్ళు పొద్దున తమ ఆరాధన ముగించుకుని, తర్వాత హాలు మాకు అద్దెకిస్తారు. వాళ్ళ కాఫీ వాసన ఇంకా పోకముందే మా పప్పుచారు వాసన మొదలవుతుంది. ఆరాధన అయ్యాక అందరం కలిసి భోంచేస్తాం. వాక్యం చెప్పడం పాస్టరుగారి పని, ప్లాన్లూ ఏర్పాట్లూ సంఘపెద్ద పని, వంటగది నాది.

ఈ సంఘపెద్ద గురించి ముందే చెప్పాలి. చెడ్డవాడు కాడు. పెద్ద కంపెనీలో మేనేజరు. ఎవరింట్లో కష్టం వచ్చినా అందరికంటే ముందు కారు వేసుకుని వచ్చేది ఆయనే. ఆయనకున్న జబ్బల్లా ఒకటే. ఎదుటివాళ్ళ మాట సగం వినేసరికి మిగతా సగం తనే పూర్తి చేసేస్తాడు.

మనవరాలు అట్లాంటాలో ఒక యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఏం పరిశోధన అని మొదట్లో నేనూ అడిగాను. ఒకరోజు వంటింటి బల్ల మీద కంప్యూటరు తెరిచి చూపించింది. మూడు పటాలు పక్కపక్కన ఉన్నాయి. మూడూ ఒకే లోకం, రంగులే వేరు. మొదటిది పసుపు, రెండోది నారింజ, మూడోదానికి వచ్చేసరికి అంతా ఎరుపు, కొన్నిచోట్ల కమిలిన వంకాయ రంగు.

"అమ్మమ్మా, ఇది వన్ పాయింట్ ఫైవ్. ఇది టూ. ఇది త్రీ" అంది.

"ఏమిటే అవి?"

"డిగ్రీస్. ఫ్యాక్టరీస్ రాకముందు ఎర్త్ ఎంత వేడి ఉంది? దానికన్నా ఒకటిన్నర పెరిగితే ఏం అవుతుంది, రెండు పెరిగితే ఏం అవుతుంది, మూడు పెరిగితే ఏం అవుతుంది. పంటకి, నీళ్ళకి, మనుషులకి. అన్నీ పక్కపక్కన పెట్టి మేము అది చూస్తాం."

"ఇదంతా ఏ సంవత్సరానికి అవుతుంది?"

"అందరు అదే అడుగుతారు! ఏ ఇయర్ అని అడగద్దు అమ్మమ్మా. ఎంత అని అడుగు. ఏ ఇయర్ అనేది మనం చేసే పనులని బట్టి మారుతుంది. ఎంత వేడికి ఏం అవుతుందో అది మారదు."

ఆ మాట నాకు చప్పున పట్టుబడింది. అరిసెలకి పాకం పట్టేటప్పుడు నేను గడియారం చూడను. పాకం ఎక్కడికి వచ్చిందో చూస్తాను. లేతపాకానికీ ముదురుపాకానికీ మధ్య వేడిలో తేడా ఎంతో ఉండదు. కానీ ముదిరిపోయినదాన్ని మళ్ళీ లేతది చేసిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

ఆ పెద్ద పనిలో మా పిల్ల చేతికి వచ్చిన ముక్క రాత్రుళ్ళు. సముద్రం పక్క ఊళ్ళలో రాత్రిపూట కూడా వేడి దిగకపోతే, గాలిలో తడికి చెమట ఆరకపోతే, మనిషి ఒళ్ళు తేరుకోదట. పగలు ఎండని ఓర్చుకున్నవాళ్ళు కూడా అలాంటి రాత్రుళ్ళు వరసగా వస్తే కూలబడిపోతారట. ఎంత వేడి పెరిగితే అలాంటి రాత్రుళ్ళు ఎంత ఎక్కువవుతాయో లెక్క కట్టి చూడడం దాని పని.

"దీన్ని తెలుగులో ఏం అంటారు?" అని అడిగింది.

"ఉక్క" అన్నాను.

"జస్ట్ ఉక్క? ఇంగ్లీష్‌లో నేను ఒక పెద్ద సెంటెన్స్ రాస్తున్నా దీనికి!" అని నవ్వింది. ఉక్క, ఉక్క అనుకుంటూ ఇల్లంతా తిరిగింది. దాని నోట్లో ఆ చివరి అక్షరం ఎటూ తేలక మధ్యలో నలిగిపోయేది. ముద్దుగానే ఉండేది వినడానికి.

ఇక హాస్టలు సంగతి. మా సంఘంలో ఎక్కువమంది కోస్తా జిల్లాలవాళ్ళు. ఆ వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో, కాలేజీలో చేరే పేద ఆడపిల్లలకి హాస్టలు కట్టించాలని సంఘం తలపెట్టింది. మంచి తలపు. ఒక ఆదివారం ప్లాను తెచ్చి హాలు గోడకి అంటించారు. పొడుగాటి షెడ్డు, పైన ఇనప రేకులు, కిటికీలు ఒక్క వైపే. రెండో వైపు రోడ్డు ఉంది కాబట్టి ఆడపిల్లలకి అటు కిటికీలు వద్దన్నారట. మనవరాలు ఆ కాగితం ముందు నిలబడిపోయింది. భోజనానికి పిలిచినా రాలేదు.

"అమ్మమ్మా, వీళ్ళు ఏ డిగ్రీకి కడుతున్నారు?" అంది చివరికి.

"అంటే?"

"ఈ బిల్డింగ్ ముప్పై ఇయర్స్ ఉంటుందా, నలభై ఉంటుందా? ఇప్పుడే మనం వన్ పాయింట్ ఫైవ్ డోర్ దగ్గర ఉన్నాం. టూ వస్తే ఆ ఊళ్ళో, ఆ రేకుల కింద, రాత్రి... గర్ల్స్ పడుకోలేరు. పడుకోకపోతే ఎలా చదువుతారు? నాకు వేరే ఏం తెలీదు అమ్మమ్మా. ఇది ఒక్కటి తెలుసు. ఇది కూడా నేను చెప్పకపోతే ఎలా?"

పాస్టరుగారిని అడిగింది. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఒకటే మాట అన్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలు పెద్దల ముందు మాట్లాడితే తెలుగులోనే మాట్లాడాలి, అప్పుడే పెద్దల మనసుకి తగులుతుంది అన్నారు. సరేనంది. ఆ వారమంతా అట్లాంటా నుంచి వచ్చిన ప్రతి సాయంత్రం ఫ్రిజ్ ముందు నిలబడి, దాని తలుపునే సంఘం అనుకుని మాట్లాడింది.

ఆ ఆదివారం నేను వంటగదిలో ఉన్నాను. కంప్యూటరుకీ హాల్లో తెరకీ మధ్య వైరు కుదరక పటాలు పడలేదు. ఆ పసుపూ నారింజా ఎరుపూ ఎవరూ చూడలేదు. వట్టి మాటలే. సంఘపెద్ద ఊళ్ళో కాంట్రాక్టరుతో ఫోన్లో మాట్లాడుతూ బయటకీ లోపలకీ తిరుగుతున్నాడు. మిగతావాళ్ళకి అప్పటికే నా పోపు వాసన తగిలింది. మా పిల్ల చెప్పింది ఇదీ: "ఈ ప్లాన్ ఒకటిన్నర డిగ్రీకి కొంచెం ఓకే. రెండు డిగ్రీస్ వస్తే సరిపోదు. మూడు డిగ్రీస్ వస్తే గర్ల్స్ అక్కడ ఉండలేరు. రాత్రి ఉక్క... గర్ల్స్‌కి పడుకోవడం కుదరదు. ప్లీజ్, ఇది మార్చండి."

సంఘపెద్ద ఫోను చెవి మీదనుంచి తీసి, ముందుకొచ్చి అన్నాడు. "శభాష్ తల్లీ! ఇంత ముందుచూపు మాకే లేకపోయింది. మూడు డిగ్రీలకీ సరిపోయేలా కట్టిద్దాం!"

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు వంటగదిలోకి వినిపించాయి. గరిటె పట్టుకుని నేనూ సంతోషపడ్డాను. మనవరాలు పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. దాని గుండె కొట్టుకోవడం నా భుజానికి తెలుస్తోంది. ఇంటికెళ్ళే దారిలో కారు నడుపుతూ ఒకటే ఏడుపు, నవ్వూ.

"మా మీటింగ్స్‌లో త్రీ అంటే చాలు, పెద్దవాళ్ళు వేరే టాపిక్‌కి వెళ్ళిపోతారు అమ్మమ్మా. ఎవరూ త్రీకి ప్లాన్ చేయరు. భయం. అంకుల్ ఒక్క నిమిషంలో ఎస్ అన్నారు. మన చర్చ్!"

మన చర్చ్, మన చర్చ్ అని ఎంత మురిసిపోయిందో! నా కోపానికి వేరు అక్కడుంది.

చలికాలం గడిచి, పైన్ చెట్ల పుప్పొడి పచ్చగా కార్ల మీద పడే రోజులు వచ్చాయి. ఆరాధన అయ్యాక సంఘపెద్ద హాస్టలు ఫోటోలు చూపిస్తానన్నాడు. ఈసారి వైరు బాగానే కుదిరింది. తెర మీద షెడ్డు కనిపించింది. మొదట అనుకున్నదానికంటే ఇంకా పొడుగు. పైన అవే ఇనప రేకులు, ఎండకి తళతళలాడుతూ. గోడ మీద రంగులతో మూడు పేర్లు, ఒక్కో భాగానికి ఒక్కటి: బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. లోపల ఇనప మంచాలు, ఒకదాని మీద ఒకటి, మూడేసి వరసలు. పై మంచం మీద కూర్చున్న పిల్ల చెయ్యెత్తితే రేకు తగులుతుంది.

మనవరాలు మెల్లగా లేచింది. "అంకుల్, రూఫ్ ఏది?"

"అదే కదమ్మా రూఫు!"

"కానీ మీరు మూడు డిగ్రీలకి అన్నారు."

"అందుకేగా మూడు బోర్డులు పెట్టించాం! ముందు ఒక్క బి.ఏ. పిల్లలకే అనుకున్నాం. నువ్వు చెప్పావు కదా, ఒకటిన్నర డిగ్రీకి అయితే ఓకే, మూడు డిగ్రీల పిల్లలు వస్తే చాలదని. ఒకటిన్నర ఏమిటా అని నేనూ ఆలోచించా, రెండో కోర్సులో సగం సీట్లు కాబోలు అనుకున్నా. ఉక్కు సంగతి కూడా నువ్వు చెప్పిందే. పడుకోడానికి ఉక్కు మంచాలు లేకపోతే కుదరదన్నావు. చూడు, అన్నీ ఉక్కువే, ఒక్క చెక్క లేదు!"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మెల్లగా ఒకరికి, పక్కన ఇంకొకరికి అర్థమైంది. నవ్వు మొదలైంది. చెప్పొద్దూ, విన్న మొదటి క్షణం నాకూ నవ్వొచ్చింది. మా పిల్ల పెదాలు కూడా కదిలాయి. డిగ్రీ అంటే మనకి చదువే కదా! ఏ తెలుగింట్లోనైనా మా అమ్మాయికి డిగ్రీ అయిపోయింది అంటారు గానీ వేడి గుర్తుకు రాదు. ఆ పొరపాటు మీద నాకేమీ కోపం లేదు. అది నవ్వుకోవలసిన పొరపాటే.

కానీ నవ్వు ఆగాక ఏం చెయ్యాలి? అయ్యో, నువ్వు చెప్పింది వేరా తల్లీ, మళ్ళీ చెప్పు అనాలి. ఆ హాల్లో ఒక్కరూ అనలేదు. వెనక వరసలో కుర్రాళ్ళు "ఒకటిన్నర డిగ్రీ" అని దానికి పేరు పెట్టేశారు. ఒకాయన "మరి నీది ఎన్ని డిగ్రీలమ్మా? ఇంకా చదువుతూనే ఉన్నావు" అన్నాడు. మళ్ళీ నవ్వు. అది అక్కడే నిలబడి, తనకొచ్చిన తెలుగులో, "అంకుల్, డిగ్రీ అంటే టెంపరేచర్... ఉక్కు కాదు, ఉక్క..." అని మొదలుపెట్టింది. "సరే సరే తల్లీ, భోజనాలయ్యాక మాట్లాడుకుందాం" అన్నాడు సంఘపెద్ద. అది తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక మాట్లాడుకుందామన్నాడు కదా. నేను చేతులు కడుక్కుని, ఆయన టీ తాగుతున్న బల్ల దగ్గరకు వెళ్ళాను. ఆయన భార్య ఫ్లాస్కుతో అందరికీ టీ పోస్తోంది. నెమ్మదైన మనిషి. నలుగురిలో ఆవిడ గొంతు ఎప్పుడూ పెద్దగా వినబడదు.

"నాయనా, ఆ పిల్ల చెప్పింది చదువుల సంగతి కాదు, వేడి సంగతి. ఆ రేకుల కింద పిల్లలు పడుకోలేరంటోంది" అన్నాను.

"అర్థమైంది పెద్దమ్మగారూ, ఇప్పుడర్థమైంది. క్లైమేట్ చేంజ్ కదా! కానీ ఒకటిన్నర డిగ్రీకి ఇంత గొడవా? మంచిదే అనుకోండి, మా కరివేపాకు కుండీని చలికాలం గరాజ్‌లోకి మొయ్యక్కర్లేదు. నా నడుముకి రెస్టు!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది.

"నీ కరివేపాకు కోసం వాళ్ళని ఉడకబెడతావా?" అన్నాను.

"అయ్యో, అంత మాటెందుకండీ? మనం పెరగలేదా ఆ ఊళ్ళల్లో? ఫ్యాన్ ఉందా, ఏసీ ఉందా? ఇప్పుడు ఓపెనింగ్ డేట్ ఫిక్స్ అయింది, బ్యానర్లు కూడా కొట్టించేశారు అక్కడ. ఇప్పుడు రూఫ్ మార్చడమంటే అయ్యే పనా?"

"ఈ హాల్లో ఏసీ, ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో, డెబ్బై ఒకటి మీద ఉంటుంది. పోయిన ఎండాకాలం ఎవరో డెబ్బై నాలుగు చేస్తే, వాక్యం మధ్యలో లేచి వెళ్ళి తగ్గించి వచ్చింది ఎవరు నాయనా? నువ్వు కాదూ?"

అది సరైన పోలిక కాదని మనవరాలు తర్వాత నాకు చెప్పింది. లోకమంతటి సగటు వేరు, ఒక గదిలో వేడి వేరు, కలపకూడదట. కలపకూడదేమో. కానీ ఆ మాటకి ఆయన టీకప్పు కింద పెట్టాడు.

అప్పుడు ఆయన భార్య ఫ్లాస్కు మూత బిగించింది. "మీరెప్పుడైనా రేకుల కింద పడుకున్నారా?" అంది మొగుడితో.

"నేను హాస్టల్లో చదవలేదా ఏంటి?"

"మీది పైన పెంకులు, కింద చుట్టూ వరండా. మాది రేకులు. ఏప్రిల్ పరీక్షలప్పుడు ఓణీలు బకెట్లో ముంచి కప్పుకుని పడుకునేవాళ్ళం. అరగంటకి ఆరిపోయేవి. ఆరాక ఒళ్ళంతా జిగట. నేల మీద నీళ్ళు కొట్టి ఆ తడిలో దొర్లేవాళ్ళం. నా పక్క మంచం పిల్ల వరసగా నిద్రలేక పరీక్ష హాల్లో పడిపోయింది. మళ్ళీ రాయలేదు. ఇంటికి తీసుకెళ్ళి పెళ్ళి చేసేశారు. నాకంటే బాగా చదివేది."

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు మాట పూర్తి కానిస్తేగా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవిడ కప్పులన్నీ ఏరి పళ్ళెంలో పెట్టుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. సింకు దగ్గర నీళ్ళు వదిలేసి అలా నిలబడింది. "ఆ ఫోటోల్లో మంచాలు చూశాక నా ఒంటికి మళ్ళీ ఆ జిగట అంటుకుందండీ" అంది నాతో.

ఆ తర్వాత మీటింగులు జరిగాయి. మనవరాల్ని పిలిచారు. అది ఇంగ్లీషులోనే మాట్లాడింది. ఇక తెలుగులో చెప్పనంది, ఎవరు బతిమాలినా వినలేదు. స్లాబు వేస్తే ఓపెనింగు ఆగిపోతుంది, ఆగితే పిల్లలకి ఈ ఏడు చోటుండదు అన్నారు. రేకులు అలాగే ఉంచి, వాటి మీద ఎండని తిప్పికొట్టే తెల్ల రంగు వేయించి, లోపల అడుగున ఇంకో కప్పు బిగించి, రోడ్డు వైపు గోడకి ఎత్తుగా కిటికీలు కొట్టించి, ముందు తాటాకు చలువ పందిరి వేయించడానికి ఒప్పుకున్నారు. పై వరస మంచాలు తీసేయాలంది మా పిల్ల. కొత్త కప్పు దించాక అక్కడ మనిషి పట్టడు, పట్టినా ఉండకూడదు అంది. తీసేశారు.

తీసేస్తే ఏమైంది? వస్తామని చెప్పుకున్న పిల్లల్లో మూడో వంతుకి చోటు పోయింది. బి.ఎస్సీ. బోర్డు మీద సున్నం కొట్టేశారు. అప్పుడు సంఘపెద్ద ఒక మాటన్నాడు. మా ఇంటి గుమ్మంలో, చెప్పులు వేసుకుంటూ, చిన్నగా నవ్వుతూ అన్నాడు. "నీ రీసెర్చ్ కరెక్టే తల్లీ, కాదనను. కానీ అంతమంది ఆడపిల్లలకి చదువు పోయింది కదా, అది కూడా ఓ లెక్కలో వేసుకో."

 మనవరాలు లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఏడుపు వినబడలేదు. వినబడితే నాకు కాస్త నయంగా ఉండేది.

నేను గుమ్మం దాటి ఆయన కారు దాకా వెళ్ళాను. పక్కింటి అమెరికావాళ్ళు గడ్డి కోస్తున్నారు, ఆ మోత మీద అరవాల్సి వచ్చింది.

"చోటు తీసేసింది మా పిల్ల కాదు! ఆ పిల్లలు అక్కడ పడుకోలేరని మీరు మొదటి ఇటుక పెట్టకముందే చెప్పింది. అప్పుడు మీరు వినలేదు. విన్నట్టు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆ తప్పు తెచ్చి చెప్పినదాని నెత్తిన పెడతావా? జ్వరం ఉందని చెప్పినవాళ్ళ వల్లే జ్వరం వచ్చిందంటావా?"

"అమ్మగారూ, నేనేదో మాటవరసకి..."

"మాటవరసకి అన్నది ఆ పిల్ల మనసులో ఎన్నాళ్ళుంటుందో నీకు తెలుసా? అదొక్కత్తే కాదు. ఇలాంటి లెక్కలు కట్టేవాళ్ళందరికీ మీరు చేస్తున్నది ఇదే. ముందు నవ్వుతారు. తర్వాత మాకెందుకు చెప్పలేదంటారు. ఆ తర్వాత నీ వల్లే అంటారు."

ఆయన కారు అద్దం ఎక్కించుకోలేదు. అది మాత్రం మెచ్చుకోవాలి. నేను అనవలసింది అయిపోయేదాకా కూర్చుని విన్నాడు. మొదటిసారి ఆయన నా మాట పూర్తి కానిచ్చాడు. కానీ నా కోపం మాత్రం దిగలేదు.

జూన్‌లో కాలేజీలు తెరిచారు. మొదటి వారం, ఇంకా వానలు పడలేదు అక్కడ. మనవరాలు హాస్టలుకి వీడియో కాల్ చేసింది. వార్డెను ఫోను ఒక పిల్ల చేతికిచ్చింది. నల్లగా, బక్కగా, కళ్ళ నిండా కాటుకతో ఉంది ఆ పిల్ల. ఇక తెలుగులో మాట్లాడనన్న మా పిల్ల, ఆ ముఖం చూడగానే తెలుగులోనే అడిగింది.

"రాత్రి పడుకున్నావా?"

"పడుకున్నాం అక్కా. మధ్యాహ్నం మాత్రం లోపల ఉండలేం, పందిరి కిందకొచ్చి చదువుకుంటాం. రాత్రి కిటికీలోంచి గాలొస్తుంది. నిద్ర పట్టేస్తుంది."

"ఉక్క ఉందా?"

"ఉక్కపోత లేకుండా ఎలా ఉంటదక్కా? ఉంటది. కానీ ఓర్చుకునేంతే." ఆ పిల్ల నవ్వింది. "అక్కా, మా ఫ్రెండుకి సీటు రాలేదు. మంచాలు తక్కువని చెప్పారంట. మళ్ళీ ఏడాది పెంచుతారా?"

 మనవరాలు అడుగుతానని చెప్పి ఫోను పెట్టేసింది. చాలాసేపు బల్ల మీద గోళ్ళతో గీస్తూ కూర్చుంది.

"ఎలా ఉందే?" అన్నాను.

"ఒకటిన్నరకి ఓకే అమ్మమ్మా. రెండుకి సరిపోదు. స్లాబ్ వేసి, పైన ఇంకా చేస్తే అప్పుడు రెండుకి ట్రై చేయొచ్చు. అప్పుడు తన ఫ్రెండ్‌కి కూడా ప్లేస్ వస్తుంది."

"మరి మూడుకి?"

అది నా వైపు చూసింది. చిన్నప్పుడు నా ఒళ్ళో పడుకుని చూసిన కళ్ళే అవి, కానీ అంత అలసిపోయి నేనెప్పుడూ చూడలేదు.

"మూడుకి బిల్డింగ్ లేదు అమ్మమ్మా. మూడు రాకూడదు. అంతే."

అంతే అన్న ఆ మాట విని నేను ఆ రోజు ఏమీ వండలేకపోయాను. మూడు రాకూడదని చెప్పడానికి ఇంతమంది పిల్లలు కళ్ళు పోయేలా పని చేస్తుంటే, వినవలసినవాళ్ళు కరివేపాకు కుండీల గురించి జోకులేసుకుంటూ, ఇంకో పెద్ద కారు కొనుక్కుంటూ, చల్లటి హాళ్ళలో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. ఆ కార్లలో ఒకటి మా ఇంటి ముందూ ఉంది. నా కోపం మా గుమ్మాన్నేమీ వదిలిపెట్టలేదు, అల్లుణ్ణి అడగండి, చెబుతాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పప్పు వడ్డించేటప్పుడు సంఘపెద్ద కంచం దగ్గర ఆగుతాను. గరిటె పైనే పట్టుకుని, "స్లాబు ఎప్పుడు నాయనా?" అంటాను. మొదట్లో నవ్వేవాడు. తర్వాత విసుక్కునేవాడు. పోయిన వారం ఆయన భార్య పక్కనుంచి, "తేదీ చెప్పేదాకా వడ్డించకండి పెద్దమ్మగారూ" అంది. ఆయన తల దించుకుని, వచ్చే మీటింగులో పెడతానన్నాడు. పెట్టేదాకా నమ్మను. పెట్టాక కూడా అడుగుతాను. సీటు రాని ఆ రెండో పిల్ల మంచం ఎక్కి కళ్ళు మూసుకుందని ఫోన్లో నా చెవులతో వినేదాకా అడుగుతూనే ఉంటాను.

ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్నారు. మీ ఇంట పుట్టే పిల్లలకీ, వయసు పండినవాళ్ళకీ రాత్రుళ్ళు కంటినిండా నిద్ర పట్టాలి. మీ బావిలో నీరూ, మీ బిడ్డల నోట మాటా ఎండిపోకూడదు. ఇంటిల్లిపాదీ చల్లగా ఉండండి.